ఏడుగురు అర్జునుల గురువు – రహీమ్ సాహెబు

క్రీడారంగంలో కీర్తి పంపకం విచిత్రంగా జరుగుతూ ఉంటుంది. గోలు చేసిన ఆటగాని పేరు మరునాటి పత్రికలో పెద్ద అక్షరాలతో వెలువడుతుంది. ఆ గోలు ఎట్లా చేయాలో, ఎవరి పాదం నుండి బంతి ఎవరి పాదానికి చేరాలో నెలల తరబడి నేర్పి, పోటీనాడు గీతకు ఇవతల మౌనంగా కూర్చున్న శిక్షకుని పేరు చివరి పంక్తిలోనైనా కనిపించడం అరుదు. ఫలం అందరి కంటికీ కనిపిస్తుంది, వేరు మట్టిలోనే ఉండిపోతుంది. భారతదేశపు ఫుట్‌బాల్ వృక్షానికి అటువంటి వేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. క్రీడాలోకం ఆయనను భక్తితో రహీమ్ సాహెబు అని పిలుచుకున్నది. ఆయన జీవితాన్ని మన విద్యార్థులకు పరిచయం చేయడం, ఆయనకు ఈ దేశం చెల్లించవలసిన ఋణం ఒకటి ఇంకా మిగిలి ఉన్నదని మనవి చేయడం ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

రహీమ్ సాహెబు 1909 ఆగస్టు 17న హైదరాబాదు నగరంలో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యనభ్యసిస్తూ ఆ విశ్వవిద్యాలయం జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. పట్టభద్రులైన పిమ్మట ఉపాధ్యాయవృత్తి చేపట్టారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన విద్యాలయాలు. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది పాఠశాలలలో ఆటల బాధ్యతను కూడా స్వీకరించారు. ఈ సంగతి మేము ప్రత్యేకంగా చెప్పడానికి కారణమున్నది. రహీమ్ సాహెబు ముందుగా బడిపంతులు, ఆ తరువాతనే ఫుట్‌బాల్ శిక్షకుడు. తరగతి గదిలో మందబుద్ధిని, చురుకైనవానిని ఒకే బల్లమీద కూర్చుండబెట్టి, ఎవరికి తగిన పాఠం వారికి చెప్పే నేర్పు ఏదైతే ఉన్నదో, ఆ నేర్పునే ఆయన ఆటస్థలానికి తీసుకొని వెళ్ళారు.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినారు. 1963లో కన్నుమూసేవరకు, అనగా ఇరువది సంవత్సరాలు, ఆ బాధ్యతను వదలలేదు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైనారు. ఆ రోజులలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా, కలకత్తా అంటే ఫుట్‌బాల్. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ వంటి మహాజట్లకు దక్కను పీఠభూమి నుండి ఒక పోలీసు జట్టు ఎదురు నిలుస్తుందని ఊహించినవారు తక్కువ. కాని 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాదు పోలీసులదే అయింది. ఆ రోజులలో ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్పును 1950లో మోహన్ బగాన్‌పైన, 1957లో ఈస్ట్ బెంగాల్‌పైన నెగ్గారు. 1954లోనూ ఆ కప్పు వారిదే. రాష్ట్రాల నడుమ జరిగే సంతోష్ ట్రోఫీని 1956–57, 1957–58 సంవత్సరాలలో హైదరాబాదు వరుసగా రెండుసార్లు గెలుచుకున్నది. 1961లో ఆ పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పేరుతో బరిలోకి దిగి మోహన్ బగాన్‌ను ఓడించి మరల డ్యూరాండ్ కప్పు తెచ్చింది.

ఇన్ని విజయాలకు రహస్యమేమి? రహీమ్ సాహెబు పద్ధతులను పరిశీలిస్తే అది బోధపడుతుంది. మన దేశంలో ఆటగాళ్ళకు బంతిని తమ కాళ్ళ దగ్గరే ఉంచుకొని, ఇద్దరు ముగ్గురు ప్రత్యర్థులను తప్పించి, చూపరుల చప్పట్లు అందుకోవాలనే మోజు మెండు. ఈ జబ్బుకు ఆయన ఉపన్యాసాలతో మందు వేయలేదు. డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు నడిపించారు. వాటిలో బంతి అందిన వెంటనే తోటివానికి అందించవలసిందే. అట్లాగే కుడికాలి వాటము గలవారు ఎడమకాలితోను, ఎడమకాలి వాటము గలవారు కుడికాలితోను మాత్రమే ఆడవలసిన పోటీలు కూడా ఏర్పాటు చేశారు. ఒక లోపాన్ని సవరించదలచినప్పుడు ఆ లోపం తలెత్తడానికే వీలులేని ఆటను కల్పించడం ఆయన విధానం. ఉత్తమ ఉపాధ్యాయుడు చేసే పని ఇదే కదా!

ఆటగానిలోని ప్రతిభను పసిగట్టడం ఎంత ముఖ్యమో, దారిద్ర్యం ఆ ప్రతిభను మింగివేయకుండా కాపాడడం కూడా అంతే ముఖ్యమని ఆయన ఎరుగుదురు. సికిందరాబాదు సమీపాన అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం అనే కుర్రవానిని రహీమ్ సాహెబు చేరదీశారు. శిక్షణ కోసం సికిందరాబాదు నుండి హైదరాబాదుకు వచ్చిపోవడానికి ఖర్చు భరించలేని ఆ కుర్రవానికి సైకిలు అద్దెకు డబ్బు ఇచ్చి ఆటకు రప్పించారని క్రీడాలోకంలో చెప్పుకుంటారు. ఆ బలరామే రెండు ఒలింపిక్ క్రీడలలో దేశం తరపున ఆడి, భారతదేశపు అగ్రశ్రేణి ఫార్వర్డులలో ఒకడుగా నిలిచాడు.

ఇక దేశం జట్టుతో ఆయన సాగించిన ప్రయాణం చూద్దాము. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. శైలేన్ మన్నా నాయకత్వాన, రహీమ్ సాహెబు శిక్షణలో భారత జట్టు ఫైనలులో ఇరాన్‌ను 1–0 తేడాతో ఓడించి స్వర్ణపతకం పొందింది. ఆ ఒక్క గోలు చేసినవాడు సాహు మేవాలాల్. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్ళు నిండని దేశానికి అది ఎంతటి ఉత్సాహాన్నిచ్చిందో వేరుగా చెప్పనక్కరలేదు.

మరుసటి ఏడే చేదు అనుభవం ఎదురయింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన జట్టును 10–1 తేడాతో చిత్తు చేసింది. ఆ చలిదేశంలో మనవారిలో పలువురు బూట్లు లేకుండానే ఆడారు. ఉత్తికాళ్ళ ఆట మనకు అలవాటు, ఒక విధంగా అభిమానం కూడా. కాని కాలం మారింది. హెల్సింకీ తరువాత మన ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి అయినాయి. ఆటతీరు కూడా మారక తప్పదని రహీమ్ సాహెబు గ్రహించారు. వెనుక ఇద్దరు బ్యాకులు, నడుమ ముగ్గురు హాఫ్ బ్యాకులు, ముందు ఐదుగురు ఫార్వర్డులు అనే పాత అమరికను ఆయన క్రమంగా విడిచిపెట్టారు. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురుగా నిలిచే అమరిక 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ విజయంతో జగత్ప్రసిద్ధమైనది. అంతకు ముందే రహీమ్ సాహెబు ఆ బాటలో అడుగులు వేశారని క్రీడాచరిత్ర ఎరిగినవారు చెబుతారు.

ఆ కృషి ఫలం 1956లో కనిపించింది. ఆ సంవత్సరం నవంబరు 1న హైదరాబాదు, ఆంధ్ర ప్రాంతాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అవతరించింది. అదే నెలలో మెల్‌బోర్న్‌లో ఒలింపిక్ క్రీడలు మొదలైనాయి. రహీమ్ సాహెబు వెంట వెళ్ళిన జట్టులో హైదరాబాదు మట్టిలో ఆట నేర్చినవారు పలువురున్నారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, బలరాం వారిలో కొందరు. డిసెంబరు 1న ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాను దాని సొంతగడ్డమీదనే మనవారు 4–2 తేడాతో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు చేసి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియా క్రీడాకారుడయినాడు. ఆ గెలుపుతో ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశం భారతదేశమే అయింది. సెమీఫైనలులో మరల యుగోస్లావియా ఎదురయింది. నాలుగేళ్ళ క్రితం పది గోళ్ళు చేసిన ఆ జట్టుపై మొదటి గోలు మనవారే చేయగలిగారు. చివరకు 4–1తో ఓడినా, ఆ రెండు ఫలితాల నడుమనున్న దూరమే రహీమ్ సాహెబు నాలుగేళ్ళ కృషికి కొలబద్ద. మూడవ స్థానం కోసం జరిగిన పోటీలో బల్గేరియా గెలిచింది. భారతదేశం నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం అంతకు మించిన స్థానం మరెన్నడూ అందుకోలేదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టుకు హంగరీ, ఫ్రాన్స్, పెరూ దేశాలున్న వర్గం దక్కింది. హంగరీ చేతిలో 2–1తో మాత్రమే ఓడి, ఫ్రాన్స్‌తో 1–1గా సమంగా నిలిచి, పెరూకు 3–1తో లొంగిపోయి మనవారు తిరిగివచ్చారు. పతకం రాలేదు కాని, ఐరోపా మహాజట్లతో తలపడగల స్థాయి మనకున్నదని లోకం చూసింది. పురుషుల ఫుట్‌బాల్‌లో భారతదేశం ఒలింపిక్స్‌కు అర్హత పొందడం అదే కడపటిసారి.

రహీమ్ సాహెబు జీవితంలో మహోన్నత ఘట్టం 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఆయన ఊపిరితిత్తులను క్యాన్సర్ తొలుస్తున్నది. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓటమి. తరువాత థాయిలాండుపై 4–1తోను, జపానుపై 2–0తోను గెలిచి మనవారు నిలదొక్కుకున్నారు. రక్షణశ్రేణికి వెన్నెముక అయిన జర్నైల్ సింగ్‌కు తలకు గాయమై కుట్లు పడ్డాయి. అటువంటి ఆటగానిని విశ్రాంతికి పంపడం లోకసహజం. రహీమ్ సాహెబు అందుకు భిన్నంగా అతనిని ముందువరుసలో సెంటర్ ఫార్వర్డుగా నిలిపారు. దక్షిణ వియత్నాంతో జరిగిన సెమీఫైనలులో 3–2 తేడాతో లభించిన విజయంలో ఒక గోలు ఆ గాయపడిన సింహానిదే.

సెప్టెంబరు 4న ఫైనలు. ప్రత్యర్థి మొదట మనలను ఓడించిన దక్షిణ కొరియాయే. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానీయకపోవడాన్ని భారతదేశపు క్రీడాధికారి జి.డి. సోంధీ ఆక్షేపించినందున జకార్తా ప్రజలలో మనపై ఆగ్రహం పెచ్చు పెరిగి ఉన్నది. సుమారు లక్షమంది నిండిన ఆ క్రీడాంగణంలో మన ఆటగాళ్ళ పాదాలు కదిలినప్పుడల్లా హేళనధ్వని మిన్నుముట్టింది. జ్వరం నుండి తేరుకున్న పొడగరి తంగరాజును రహీమ్ సాహెబు గోలులో నిలిపారు. తొలి ఇరువది నిమిషాలలోనే పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ మరొక గోలు చేశారు. కొరియా చివరలో ఒక గోలు మాత్రమే తీర్చుకోగలిగింది. 2–1తో స్వర్ణపతకం చునీ గోస్వామి నాయకత్వంలోని భారత జట్టును వరించింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి లభించిన స్వర్ణాలు రెండే రెండు. 1951లో ఒకటి, 1962లో ఒకటి. రెండింటి వెనుకా ఉన్నది ఒకే గురువు.

జకార్తా విజయం తరువాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీమ్ సాహెబు పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు యాభైమూడు సంవత్సరాలు.

ఇక మేము విన్నవించదలచిన అసలు విషయానికి వస్తున్నాము. 1961లో భారత ప్రభుత్వం అర్జున పురస్కారాలను నెలకొల్పింది. ఫుట్‌బాల్‌కు సంబంధించి 1961లో పి.కె. బెనర్జీ, 1962లో బలరాం, 1963లో చునీ గోస్వామి, 1964లో జర్నైల్ సింగ్, 1965లో అరుణ్ ఘోష్, 1966లో యూసుఫ్ ఖాన్, 1967లో తంగరాజు ఆ గౌరవం పొందారు. విద్యార్థులు ఈ జాబితాను మరొకసారి చదువవలసిందిగా కోరుతున్నాము. ఏడు సంవత్సరాలు, ఏడుగురు అర్జునులు. ఏడుగురూ జకార్తాలో రహీమ్ సాహెబు జట్టులోనివారే. తరువాతి కాలంలో చునీ గోస్వామికి 1983లోను, పి.కె. బెనర్జీకి 1990లోను పద్మశ్రీ లభించింది. గురువుల కోసం ద్రోణాచార్య పురస్కారం 1985లో పుట్టింది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సంప్రదాయంలోనే ఎదిగి, 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం తెచ్చిన జట్టుకు నాయకుడైన సయ్యద్ నయీముద్దీన్‌కు 1990లో ఆ పురస్కారం లభించింది. శిష్యులకు అర్జున, శిష్యతుల్యునికి ద్రోణాచార్య! అందరికీ మూలపురుషుడైన రహీమ్ సాహెబు పేరున ద్రోణాచార్య లేదు, పద్మశ్రీ లేదు. భారతంలో ద్రోణుడు లేకుండా అర్జునుడు లేడు. మన క్రీడాభారతంలో మాత్రం ఏడుగురు అర్జునులున్నారు, ద్రోణుని ఆసనం ఖాళీగా ఉన్నది.

దీనికి కొన్ని ఆక్షేపణలు రావచ్చును. పద్మ పురస్కారాలు సాధారణంగా మరణానంతరం ఇవ్వరని కొందరు అంటారు. నిజమే. ఆయన జీవించి ఉన్నప్పుడు శిక్షకులకు ప్రత్యేక పురస్కారమే లేదు. అది పుట్టేసరికి ఆయన మరణించి ఇరువది రెండేళ్ళయింది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేకపోవచ్చు. కాని ఆలస్యంగా పుట్టిన నియమం ముందుగా పుట్టిన మహనీయునికి అడ్డుగోడ కారాదు. పతకం ఇచ్చే వీలు లేకపోతే తపాలా బిళ్ళ ఉన్నది, పాఠ్యపుస్తకంలో ఒక పాఠం ఉన్నది, శిక్షకులను తయారుచేసే జాతీయ సంస్థకు పెట్టదగిన పేరు ఉన్నది.

నాటి ఆసియాలో ఫుట్‌బాల్ బలహీనమని, అందువల్ల ఆ విజయాలకు విలువ తక్కువని మరికొందరి వాదం. జకార్తాలో రహీమ్ సాహెబు జట్టు చేతిలో ఓడిన జపాను ఆరేళ్ళకే, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో, ఫుట్‌బాల్ కాంస్యపతకం గెలుచుకున్నది. ఆ పోటీ ఎంతటిదో దీనిని బట్టి తెలుసుకోవచ్చు. జపాను ముందుకు సాగింది, మనం ఆగిపోయాము. అందుకు బాధ్యత గురువుది కాదు, గురువు పాఠాన్ని మరచినవారిది.

హైదరాబాదువారి గొడవ మన కృష్ణాతీరానికి ఎందుకని ప్రశ్నించేవారు కూడా ఉండవచ్చు. ఈ మచిలీపట్నం గోల్కొండ సుల్తానుల ఓడరేవు. బందరు నుండి గోల్కొండకు సాగిన రహదారిపై సరకులతోపాటు భాషలు, వృత్తులు, కుటుంబాలు రాకపోకలు సాగించాయి. రాష్ట్రాలు 2014లో రెండయినా ఆ బంధుత్వం రెండు కాలేదు. రహీమ్ సాహెబు ఒక మతానికో, ఒక నగరానికో చెందిన సొత్తు అని కూడా మేము అనము. దేశవిభజనలో ఇల్లూవాకిలీ వదలి వచ్చిన సిక్కు జర్నైల్ సింగ్, క్రైస్తవుడైన తంగరాజు, హిందువులైన చునీ, బలరాం, ముస్లిం అయిన యూసుఫ్ ఖాన్ ఆయన చేతిలో ఒకే జట్టు అయినారు. జాతీయ సమైక్యతపై మనం ఎన్నో సభలు జరుపుతాము. ఆయన దానిని తొంభై నిమిషాలు ఆడించి చూపారు.

మన ప్రాంతంలోనే మరొక ఉదాహరణ ఉన్నది. మచిలీపట్నం సమీపాన భట్లపెనుమర్రులో జన్మించి, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో బోధించి, 1921లో విజయవాడలో గాంధీజీకి పతాకం రూపకల్పన అందించిన పింగళి వెంకయ్య గారు 1963 జూలై 4న దివంగతులైనారు. రహీమ్ సాహెబు మరణించిన నెల తిరగకుండానే! జాతికి పతాకాన్నిచ్చిన అధ్యాపకుడు, ఆ పతాకాన్ని ఆసియా క్రీడాంగణంలో రెండుసార్లు పైకెత్తించిన అధ్యాపకుడు ఒకే వేసవిలో వెళ్ళిపోయారు. పేదరికంలో కన్నుమూసిన వెంకయ్య గారి పేరున 2009లో తపాలా బిళ్ళ వెలువడింది. నలుబది ఆరేళ్ళ ఆలస్యమైనా జాతి ఆ ఋణం కొంత తీర్చుకున్నది. రహీమ్ సాహెబు ఋణం తీర్చుకొనే రోజు కోసం మనం ఎదురుచూస్తూనే ఉన్నాము.

2024లో ఆయన జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం వెలువడి, కొత్త తరానికి ఆయన పేరు వినిపించింది. సంతోషం. కాని చలనచిత్రం వచ్చిపోతుంది. పేరు నిలవడానికి స్థిరమైన చోటు ఒకటి కావాలి. గుడివాడలో గానీ, బందరులో గానీ ఏ కూడలిలో నిలబడినా నాయకుల, నటుల విగ్రహాలు కనిపిస్తాయి. వాటిని మేము తప్పుపట్టము. ఆ వరుసలో ఒక ఉపాధ్యాయునికి, ఒక శిక్షకునికి కూడా చోటుండాలని మాత్రమే మా కోరిక.

ప్రభుత్వం చేయవలసినది ప్రభుత్వం చేస్తుందని మనం చేతులు ముడుచుకొని కూర్చోనవసరం లేదు. మన కళాశాల కార్యవర్గానికి మేము సవినయంగా చేసే మనవి ఇది. ఏటేటా జరిగే క్రీడోత్సవాలలో ఫుట్‌బాల్ బహుమతికి రహీమ్ సాహెబు పేరు పెట్టండి. అది ఎక్కువ గోళ్ళు చేసినవానికి కాక, తోటివానికి బంతిని చక్కగా అందించినవానికి దక్కేటట్లు నియమం చేయండి. ఆయన పేరుకు తగిన బహుమతి అదే.

విద్యార్థులారా! మీలో దివిసీమ పల్లెల నుండి, గుడివాడ పరిసరాల నుండి, ఈ పట్టణపు సందుల నుండి వచ్చినవారున్నారు. కోతలైన పొలాలలో ఉత్తికాళ్ళతో ఆడి పెరిగినవారున్నారు. మీలోని ప్రతిభను మీకంటె ముందుగా చూసిన ఉపాధ్యాయుడు ఒకడు మీ జీవితంలో తప్పక ఉండి ఉంటాడు. రహీమ్ సాహెబును స్మరించడమంటే ఆ ఉపాధ్యాయుని స్మరించడమే. రేపు మీరు అర్జునులైననాడు సన్మానవేదికపై మీ పక్కన ఒక ఆసనం ఆయనకు కూడా వేయించండి. ఈ దేశం మరచిపోయిన మర్యాదను మీ తరమైనా పాటించగలదని మా ఆశ.